పేపర్ ఓనరమ్మ ఏం చేసినట్టు? కేథరిన్ గ్రాహం కెరీర్, నెల్లూరు వైపు నుంచి ఒక చూపు

క్లుప్తంగా: అమెరికాలో వాషింగ్టన్ పోస్ట్ పేపర్‌ని 1963 నుంచి దాదాపు మూడు దశాబ్దాలు నడిపిన కేథరిన్ గ్రాహం పేరు ఎత్తితే "ప్రెసిడెంటునే దించిన ధైర్యం" అనే ఒక్క ముక్కతో సరిపెడుతుంటారు. ఆ ధైర్యం కింద షేర్ల లెక్క ఉంది, టీవీ లైసెన్సుల భయం ఉంది, ప్రెస్ హాల్లో గొడవ ఉంది. ఆ లెక్కలన్నీ విప్పి మన జిల్లా పేపర్ల పక్కన పెట్టి చూసే వ్యాసం ఇది.

పబ్లిషర్ అంటే ఎవరు, గందరగోళం ఇక్కడే మొదలు

నెల్లూరులో పబ్లిషర్ అనగానే చాలామందికి గైడ్లు, టెస్ట్ పేపర్లు అచ్చేసే ఆయన గుర్తొస్తాడు. న్యూస్‌పేపర్‌కి పబ్లిషర్ అంటే వేరే లెక్క, పైగా మన దగ్గర దానికున్న అర్థం ఒకటి, అమెరికాలో ఉన్న అర్థం ఇంకొకటి. రోజూ ఇంటికొచ్చే పేపర్ ఏదైనా తీసి చివరి పేజీ అడుగున చూస్తే, కళ్లజోడు ఉంటే తప్ప కనపడని అక్షరాల్లో ఒక లైను ఉంటుంది: ప్రింటర్ ఫలానా, పబ్లిషర్ ఫలానా, ఎడిటర్ ఫలానా, అచ్చేసిన చోటు ఫలానా. 1867 నాటి ప్రెస్ చట్టం నుంచి వస్తున్న రూలు అది. పరువు నష్టం కేసు పడితే కోర్టు సమన్లు ముందు ఎవరి గడప తొక్కాలో చెప్పే లైను అన్నమాట. మొన్నమొన్నటి దాకా పేపర్ పెట్టాలంటే కలెక్టరాఫీసు చుట్టూ తిరిగి డిక్లరేషన్ ఇవ్వాల్సి వచ్చేది, 2024 మార్చి 1 నుంచి కొత్త చట్టం అమల్లోకి వచ్చాక ఆ తంతు ఆన్‌లైన్ అయింది గానీ బాధ్యత మాత్రం ఆ పేర్ల మీదే ఉంది.

అమెరికాలో పబ్లిషర్ అంటే పేపర్ మొత్తానికి పెద్ద తలకాయ. వార్తల వైపు ఎడిటర్, డబ్బుల వైపు మేనేజర్లు, రెండు దారులూ చివరికి కలిసేది ఆ మనిషి టేబుల్ దగ్గరే. ఏ వార్త ఏ పేజీలో పడాలో ఎడిటర్ చూసుకుంటాడు, పబ్లిషర్ అందులో వేలు పెట్టకూడదు అనేది అక్కడి మర్యాద, కానీ కంపెనీనే ముంచే వార్త చేతికొచ్చినప్పుడు మాత్రం ఫోన్ పబ్లిషర్‌కే పోతుంది. కేథరిన్ గ్రాహంకి ఆ ఫోన్ 1971 జూన్‌లో వచ్చింది. దానికి ముందు ఆ కుర్చీ ఆమెకి ఎట్టా వచ్చిందో తెలియాలి, ఎందుకంటే ఇంట్లోవాళ్ల లెక్క ప్రకారం అది ఆమె కోసం వేసిన కుర్చీ కానే కాదు.

వేలంపాటలో పేపర్, అల్లుడి పేర షేర్లు

1933 జూన్ 1న దివాలా తీసిన వాషింగ్టన్ పోస్ట్‌ని దాని ఆఫీసు మెట్ల మీదే వేలం వేశారు. పాట పాడినవాళ్లలో అప్పటి ఓనర్‌కి దూరంగా ఉంటున్న భార్య ఎవలిన్ వాల్ష్ మెక్లీన్ తరఫువాళ్లు కూడా ఉన్నారు. హోప్ వజ్రం ఈమె దగ్గరే ఉండేది, మన కృష్ణా ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పుకునే ఆ నీలం రాయే. అంత వజ్రం ఉండి కూడా ఆమె వైపు పాట ఆరు లక్షల డాలర్ల దగ్గరే ఆగిపోయింది. చివరికి ఒక లాయరు 8.25 లక్షల డాలర్లకి పాట దక్కించుకున్నాడు, ఎవరి తరఫునో చెప్పలేదు, కొన్ని రోజులయ్యాక బయటపడింది, కొన్నది యూజీన్ మేయర్ అని. అప్పుడే ఫెడరల్ రిజర్వ్ చైర్మన్ పదవి నుంచి దిగిన పెద్ద ఫైనాన్స్ మనిషి. 1929లో ఇదే పేపర్‌కి 50 లక్షల డాలర్లు ఇస్తానన్నా ఆయనకి దొరకలేదు, నాలుగేళ్లలో మాంద్యం ఆ ధరని ఎక్కడికి దించిందో ఈ రెండు అంకెలే చెప్తాయి.

1917 జూన్ 16న పుట్టిన కేథరిన్‌కి అప్పటికి పదహారు కూడా నిండలేదు. నాన్న పేపర్ కొన్న సంగతి ఇంట్లో ఆమెకి వెంటనే చెప్పను కూడా లేదు. 1938లో షికాగో యూనివర్సిటీలో డిగ్రీ అయ్యాక శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక పేపర్‌లో రిపోర్టర్‌గా చేశారు, తర్వాత పోస్ట్‌లోకి వచ్చి పాఠకుల ఉత్తరాల సెక్షన్ చూశారు, 1940లో ఫిలిప్ గ్రాహం అనే చురుకైన కుర్ర లాయరుని పెళ్లి చేసుకున్నారు. 1946లో మేయర్ ప్రపంచ బ్యాంకుకి తొలి ప్రెసిడెంటుగా వెళ్తూ పేపర్‌ని ఎవరికి అప్పగించారంటే, ముప్పై ఏళ్లు దాటీ దాటని అల్లుడికి. రెండేళ్ల తర్వాత ఓటు హక్కున్న షేర్లు పంచినప్పుడు అల్లుడికి 3,500, కన్నకూతురికి 1,500. మొగుడు పెళ్లాం కింద పనిచేస్తున్నట్టు ఉండకూడదన్నది మామగారి ఆలోచన, ఆ పంపకం ఆమెకి అప్పట్లో తప్పుగా అనిపించలేదు కూడా.

ఇది నెల్లూరోళ్లకి విడమరిచి చెప్పాల్సిన పని లేదు. పసుపు కుంకుమ కింద కూతురి పేర రెండెకరాలు రాస్తారు, రైసుమిల్లు తాళాలు మాత్రం అల్లుడి చేతికి పోతాయి. ఆస్తి ఆమెది, అజమాయిషీ ఆయనది. మేయర్ గారింట్లో ఆస్తిలో కూడా పెద్ద వాటా ఆయనకే పోయింది, అంతే తేడా.

ఫిలిప్ గ్రాహం అసమర్థుడేం కాదు. 1954లో అదే ఊళ్లో పోటీగా ఉన్న టైమ్స్-హెరాల్డ్‌ని కొనేసి పోస్ట్‌ని వాషింగ్టన్‌లో పొద్దున వచ్చే ఏకైక పేపర్‌గా చేశాడు, 1961లో న్యూస్‌వీక్ అనే వారపత్రిక కొన్నాడు, టీవీ స్టేషన్లు పెరిగాయి. కానీ తీవ్రమైన మానసిక జబ్బుతో బాధపడి 1963 ఆగస్టు 3న ఆత్మహత్య చేసుకున్నారు. అప్పటికి కేథరిన్‌కి 46 ఏళ్లు, నలుగురు పిల్లలు, ఆఫీసు పనికి దూరమై ఏళ్లయిపోయింది.

అమ్మేస్తారనుకున్నారు, అమ్మలేదు

ఊరంతా అనుకున్నది ఒకటే, ఆవిడ పేపర్ అమ్మేస్తారని. ఆమె అమ్మకుండా కంపెనీ ప్రెసిడెంటుగా కూర్చున్నారు, మొదట్లో ఆమె ఉద్దేశం కూడా పిల్లలు పెద్దయ్యేదాకా కాపాడటమే. బోర్డు మీటింగుల్లో అందరూ మగవాళ్లు, బ్యాలెన్స్ షీటు భాష ఆమెకి కొత్త. ఆఫీసు క్రిస్మస్ పార్టీలో స్టాఫ్‌కి పండగ శుభాకాంక్షలు చెప్పడానికి కూడా ముందు ఇంట్లో ప్రాక్టీసు చేసుకున్నానని తర్వాత ఆత్మకథలో ఆమే రాసుకున్నారు. దీన్ని వినయం కింద కొట్టేయకుండా సమాచారం కింద తీసుకుంటే మంచిది. ఒక మనిషిని ఇరవై ఏళ్లు పనికి దూరంగా ఉంచితే వారసత్వంగా కంపెనీ చేతికొచ్చినా నడపడం రాదు, అది మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల్సిందే.

నేర్చుకునే దారిలో తీసుకున్న మొదటి పెద్ద నిర్ణయం 1965లో బెన్ బ్రాడ్లీ అనే జర్నలిస్టుని న్యూస్‌వీక్ నుంచి పేపర్‌లోకి తేవడం. అతనితో ఒప్పందం సింపుల్: వార్తలు నీ ఇష్టం, నాకు మాత్రం పొద్దున పేపర్ చూసి ఉలిక్కిపడే పని పెట్టొద్దు. పబ్లిషర్ అనే హోదా ఆమె పేరు పక్కన చేరింది 1969లో, అంటే పని మొదలుపెట్టిన ఆరేళ్లకి.

1971 జూన్: షేర్లు బజార్లో, ఫైళ్లు బ్రాడ్లీ ఇంట్లో

ఈ వారం రోజుల్ని తేదీల వారీగా చూడకపోతే అసలు ఒత్తిడి ఏంటో అర్థం కాదు. జూన్ 13 ఆదివారం న్యూయార్క్ టైమ్స్ పెంటగాన్ పేపర్స్ వెయ్యడం మొదలుపెట్టింది, వియత్నాం యుద్ధంలోకి అమెరికా ఎట్టా దిగిందో రక్షణశాఖ తనకోసం తానే రాయించుకున్న రహస్య చరిత్ర అది. జూన్ 15 మంగళవారం రెండు సంగతులు జరిగాయి. కోర్టు టైమ్స్‌ని ఆపమంది. అదే రోజు వాషింగ్టన్ పోస్ట్ కంపెనీ షేర్లు 26 డాలర్ల చొప్పున తొలిసారి మార్కెట్‌కి వచ్చాయి. రెండు రోజుల తర్వాత, 17న, నాలుగు వేల పేజీలకి పైగా అవే ఫైళ్లు పోస్ట్ చేతికి దొరికాయి. జార్జ్‌టౌన్‌లో బ్రాడ్లీ ఇంట్లో రిపోర్టర్లు ఒక గదిలో చదువుతూ రాస్తూ ఉంటే, ఇంకో గదిలో లాయర్లు వద్దంటే వద్దని పట్టుబట్టి కూర్చున్నారు.

లాయర్ల భయం ఉత్తుత్తిది కాదు. షేర్లు అమ్మిపెడుతున్న బ్యాంకర్ల ఒప్పందంలో, ఏదైనా పెద్ద ఉపద్రవం వస్తే వెనక్కి తగ్గొచ్చు అనే క్లాజు ఉంది. టైమ్స్‌ని కోర్టు ఆపాక కూడా పోస్ట్ వేస్తే అది కోర్టుని లెక్కచెయ్యకపోవడం కింద వస్తుందేమో అనే అనుమానం ఉంది. అన్నిటికంటే పెద్దది, కంపెనీ మీద క్రిమినల్ కేసు రుజువైతే టీవీ లైసెన్సులు పోతాయి, పేపర్ కష్టకాలంలో ఉన్నప్పుడు ఇల్లు గడిపేది ఆ టీవీ డబ్బులే. కంపెనీ చైర్మన్, ఆమె బాగా నమ్మిన సలహాదారు ఫ్రిట్జ్ బీబీ కూడా నేనైతే వెయ్యను అన్నట్టే మాట్లాడాడు. కేథరిన్ ఆ సాయంత్రం ఒక ఉద్యోగి రిటైర్మెంట్ పార్టీ ఇస్తూ మధ్యలో ఫోన్ దగ్గరికొచ్చి అందరి మాటా విని, వెయ్యమన్నారు. 18న పేపర్‌లో వచ్చేసింది. జూన్ 30న సుప్రీంకోర్టు 6-3 తేడాతో పేపర్ల వైపే తీర్పు చెప్పింది.

ఇప్పుడు మెకానిజం. ఆ రాత్రి ఆమె "సరే" అన్నది సొంత ధైర్యంతోనే, కానీ మర్నాడు ఆమెని కుర్చీలోంచి ఎవరూ లేపలేకపోవడానికి కారణం షేర్లు రెండు రకాలుగా ఉండటం. క్లాస్ ఏ షేర్లు కుటుంబం దగ్గర, బోర్డులో ఎక్కువమందిని ఎన్నుకునే ఓటు వాటికే. బజార్లో అమ్మింది క్లాస్ బి, వాటికి బోర్డులో సుమారు 30 శాతం సీట్లని ఎన్నుకునే హక్కు మాత్రమే. అంటే పబ్లిక్ నుంచి డబ్బు వస్తుంది, పెత్తనం రాదు. చీటీ పాడుకున్న మనిషికి డబ్బు చేతికొచ్చినా చీటీ నడిపేది మాత్రం చీటీ పెద్దే కదా, దాదాపు అట్టాంటిదే. ఈ ఏర్పాటు లేకుండా అదే నిర్ణయం తీసుకుని షేరు ధర పడిపోయి ఉంటే, బయటి వాటాదార్లు వచ్చే మీటింగ్‌లోనే లెక్క తేల్చేసేవాళ్లు.

మన దేశంలో అచ్చుకి ముందే ఆపడం అనే విషయం మీద కథ వేరే దారిలో నడిచింది. 1950లో మద్రాసు రాష్ట్రం ఒక పత్రిక రాకుండా ఆపినప్పుడు రమేశ్ థాపర్ కేసులో సుప్రీంకోర్టు పత్రిక వైపే నిలబడింది, మరుసటి ఏడాదే రాజ్యాంగానికి మొదటి సవరణ తెచ్చి ప్రభుత్వం ఆంక్షలకి కారణాలు పెంచుకుంది. అప్పటికి నెల్లూరు, ఒంగోలు రెండూ ఆ మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి. రెండిటి పేరూ ఒకటే కావడంతో చదివేవాళ్లు కాస్త తికమక పడేది ఇక్కడే: అమెరికా రాజ్యాంగం మొదటి సవరణ పత్రికకి కాపుగా గోడ కడితే, మన మొదటి సవరణ ఆ గోడలో ఇంకొన్ని తలుపులు పెట్టింది.

వాటర్‌గేట్: నొక్కింది గొంతు కాదు, లైసెన్సు

సరిగ్గా ఏడాదికి, 1972 జూన్ 17న, వాటర్‌గేట్ బిల్డింగ్‌లో డెమోక్రటిక్ పార్టీ ఆఫీసులో దొంగతనంగా చొరబడ్డ ఐదుగురు దొరికారు. బాబ్ వుడ్‌వర్డ్, కార్ల్ బెర్న్‌స్టీన్ అనే ఇద్దరు కుర్ర రిపోర్టర్లు దాన్ని పట్టుకుని నెలల తరబడి లాగారు, మొదట్లో మిగతా పేపర్లు పెద్దగా పట్టించుకోలేదు కూడా. ఆ తీగ ప్రెసిడెంట్ నిక్సన్ దాకా పోయి, ఆయన 1974 ఆగస్టు 9న దిగిపోయాడు. ఈ కథ అందరికీ తెలిసిందే. తక్కువ చెప్పుకునేది పోస్ట్ మీద ఒత్తిడి ఏ దారిలో వచ్చిందనేది.

పేపర్‌కి అమెరికాలో లైసెన్సు అక్కర్లేదు, టీవీకి కావాలి, అదీ అప్పట్లో మూడేళ్లకోసారి రెన్యువల్. ఫ్లోరిడాలో జాక్సన్‌విల్, మయామి ఊళ్లలో ఉన్న పోస్ట్ కంపెనీ స్టేషన్ల రెన్యువల్ టైమ్ రాగానే, ఆ లైసెన్సు మాకివ్వండి అంటూ పోటీ పిటిషన్లు పడ్డాయి, వేసినవాళ్లలో నిక్సన్ మనుషులు ఉన్నారు. పోస్ట్‌కి లైసెన్సుల దగ్గర తిప్పలు తప్పవని నిక్సన్ ముందే అన్న మాటలు తర్వాత వైట్‌హౌస్ టేపుల్లో బయటపడ్డాయి. పిటిషన్లు నిలబడలేదు, కానీ తేలడానికి రెండున్నరేళ్లు పట్టింది, లాయర్ల ఖర్చే పది లక్షల డాలర్లు దాటింది, షేరు ధర 38 డాలర్ల ప్రాంతం నుంచి 16 ప్రాంతానికి జారింది. వార్త ఒక్కటి కూడా తప్పని ఎవరూ నిరూపించాల్సిన పని లేకుండానే ఇంత నష్టం.

మన జిల్లాల్లో టీవీ లైసెన్సుకి బదులు ప్రభుత్వ ప్రకటన ఉంటుంది. టెండర్ నోటీసు, జయంతి యాడ్, పథకం ఫుల్ పేజీ, ఇవి ఆగిపోతే పేపర్ మూతపడదు గానీ జీతాలు లేటవుతాయి. ఇంకా కింద మండలంలో లైన్ అకౌంట్ మీద, అంటే అచ్చైన లైన్ల లెక్కన వచ్చే డబ్బు మీద బతికే విలేకరి దగ్గరికొస్తే లెక్క మరీ పచ్చిగా ఉంటుంది, ఆగస్టు 15కి, జనవరి 26కి యాడ్స్ టార్గెట్ అతని మీదే పడుతుంది, ఆ యాడ్ ఇవ్వాల్సింది అతను వార్త రాయాల్సిన సర్పంచో, కాంట్రాక్టరో, రొయ్యల కంపెనీ మేనేజరో. వాషింగ్టన్‌లో వార్తకీ డబ్బుకీ మధ్య కనీసం రెండు అంతస్తుల దూరం ఉంది, కావలి రూరల్‌లోనో కొండపిలోనో ఆ రెండు పనులూ ఒకే బండి మీద తిరుగుతాయి.

1975: ప్రెస్ హాల్లో

పొగడ్తల వ్యాసాల్లో ఈ భాగం సాధారణంగా రెండు లైన్లలో అయిపోతుంది, నిజానికి ఎక్కువ వాదన ఉన్నది దీనిమీదే. 1975 అక్టోబర్ 1 తెల్లవారుజామున పోస్ట్ ప్రింటింగ్ మెషిన్లు నడిపే ప్రెస్‌మెన్ యూనియన్ సమ్మెకి దిగుతూ మెషిన్లని పగలగొట్టింది, నిప్పు పెట్టింది, ఒక ఫోర్‌మన్‌ని కొట్టారు కూడా. పేపర్ ఆగింది ఒక్క రోజే. తర్వాత ఆఫీసు పైకప్పు మీంచి హెలికాప్టర్లలో పేజీల ఫిల్ములు చుట్టుపక్కల చిన్న ప్రెస్సులకి పంపి అచ్చేయించారు. మేనేజర్లు మెషిన్లు నడిపారు, కేథరిన్ స్వయంగా క్లాసిఫైడ్ యాడ్స్ ఫోన్లు ఎత్తారు, ఆదివారం పేపర్ కట్టలు కట్టారు. నాలుగు నెలలు దాటి సాగిన సమ్మె చివరికి ఆ యూనియన్ లేకుండాపోయి ముగిసింది, వాళ్ల స్థానంలో కొత్తవాళ్లని పెట్టుకున్నారు.

యూనియన్ వైపు వాదన ఏంటంటే, ఒకసారి జరిగిన విధ్వంసాన్ని అడ్డుపెట్టుకుని మొత్తం కార్మికుల బేరమాడే శక్తినే తీసేశారని. కంపెనీ వైపు వాదన, ఓవర్‌టైమ్ పద్ధతులతో ఖర్చు అదుపు తప్పింది, మెషిన్లు విరగ్గొట్టినవాళ్లని వెనక్కి తీసుకోలేమని. రెండిట్లోనూ నిజం ఉంది. ప్రభుత్వం ముందు తలవంచని ఓనరు, కూలి అడిగేవాళ్ల ముందు కూడా తలవంచలేదు అనేది ఒకే మనిషి కెరీర్‌లో పక్కపక్కనే ఉంది, ఒకటి చెప్పి ఒకటి దాచేస్తే బొమ్మ తప్పుతుంది. సమ్మె తర్వాత పోస్ట్ లాభాలు పెరిగాయి, వాల్‌స్ట్రీట్ ఆమెని బిజినెస్ మనిషిగా చూడటం మొదలుపెట్టింది అప్పుడే.

బఫెట్ పాఠాలు

1973లో షేరు ధర పడి ఉన్నప్పుడు వారెన్ బఫెట్ అనే, అప్పటికి అంత పేరు లేని ఇన్వెస్టర్ దాదాపు 1.06 కోట్ల డాలర్లు పెట్టి కంపెనీలో పదో వంతు దాకా కొన్నాడు. బోర్డులో చాలామంది కంగారు పడ్డారు. కేథరిన్ ఆయన్ని పిలిచి మాట్లాడారు, 1974లో బోర్డులోకి తీసుకున్నారు, కంపెనీల వార్షిక రిపోర్టులు ముందేసుకుని ఆయన దగ్గర అకౌంట్లు నేర్చుకున్నారు. ఆయన సలహా మీద కంపెనీ తన షేర్లని తానే తిరిగి కొనడం మొదలుపెట్టింది, అప్పట్లో అది వింత, ఏళ్లు గడిచేకొద్దీ సుమారు 40 శాతం షేర్లు అట్టా వెనక్కొచ్చాయి. 1984లో కోచింగ్ వ్యాపారం కప్లాన్ కొన్నారు, తర్వాత కేబుల్ టీవీ. 1981లో పోటీగా ఉన్న వాషింగ్టన్ స్టార్ మూతపడటం కూడా కలిసొచ్చింది, దాన్ని ఆమె తెలివి ఖాతాలో మాత్రమే వెయ్యలేం, సాయంత్రం పేపర్లని టీవీ న్యూస్ దేశమంతటా మింగేస్తున్న కాలం అది.

"తొలి మహిళ" అనే ముద్ర

ఫార్చ్యూన్ 500 కంపెనీకి తొలి మహిళా సీఈవో అనే మాట కరెక్టే, 1972 నుంచి లెక్క. అసోసియేటెడ్ ప్రెస్ బోర్డులో కూర్చున్న తొలి మహిళ కూడా ఆమే, 1974లో. కానీ "అమెరికాలో తొలి మహిళా పబ్లిషర్" అని రాస్తే తప్పవుతుంది. అదే వాషింగ్టన్‌లో ఆమెకంటే చాలా ముందే సిస్సీ ప్యాటర్సన్ టైమ్స్-హెరాల్డ్‌ని నడిపారు, ఆవిడ 1948లో చనిపోయాక కొన్నేళ్లకి పోస్ట్ కొన్నది ఆ పేపర్‌నే. న్యూయార్క్ పోస్ట్‌ని డొరొతీ షిఫ్ దశాబ్దాల పాటు నడిపారు.

ఇంకో చేదు ముక్క. 1970 మార్చి 16న న్యూస్‌వీక్‌లో పనిచేసే 46 మంది మహిళలు, మగవాళ్లకే రాసే ఉద్యోగాలిచ్చి మాకు రిసెర్చ్ పనే అంటగడుతున్నారని కంపెనీ మీద కంప్లయింట్ ఇచ్చారు. సరిగ్గా అదే రోజు మార్కెట్లోకొచ్చిన సంచిక కవర్ స్టోరీ మహిళా ఉద్యమం మీద. ఓనరు ఆడమనిషి అయినా కింద రూల్స్ పాతవే నడిచాయి, ఎవరో కేసు పెట్టేదాకా మారలేదు. పైన ఒక కుర్చీలో మహిళ కూర్చోవడానికీ డెస్కులో మహిళలకి బైలైను (వార్త మీద రాసినవాళ్ల పేరు) రావడానికీ మధ్య ఆటోమేటిక్ లింకు ఏమీ లేదని ఈ కేసు చూపిస్తుంది. మన దగ్గర హిందుస్తాన్ టైమ్స్‌లో శోభనా భర్తియా కథ కూడా తండ్రి నుంచి వచ్చిన దారే. తెలుగు పేపర్ల జిల్లా డెస్కుల్లో రాత్రి షిఫ్టులో ఎంతమంది ఆడవాళ్లు కనపడతారు అనేది నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా ఎవరైనా ఒక రాత్రి వెళ్లి లెక్కపెట్టుకోవచ్చు, వేళ్లు సరిపోతాయి.

తెలుగులో ఆడవాళ్లు, పత్రికలు, నెల్లూరు-ఒంగోలు వైపు

తెలుగులో ఈ దారి పాతదే. ఆడవాళ్ల కోసం హిందూ సుందరి 1902లో వచ్చింది, మొసలికంటి రామాబాయమ్మ, వెంపలి శాంతాబాయి లాంటివాళ్లు దానికి సంపాదకత్వం చేశారు. పులుగుర్త లక్ష్మీనరసమాంబ సావిత్రి నడిపారు, వింజమూరి వెంకటరత్నమ్మ అనసూయ నడిపారు. గృహలక్ష్మి పెట్టిన కె.ఎన్. కేసరి ఒంగోలు వైపు పల్లె నుంచి మద్రాసు పోయి మందుల వ్యాపారంలో సంపాదించిన మనిషి, అంటే అక్కడ కూడా పత్రికని మోసింది పక్కనున్న ఇంకో వ్యాపారమే. పోస్ట్‌కి టీవీ, తర్వాత కప్లాన్ చేసిన పని గృహలక్ష్మికి కేసరి అమ్మిన లోధ్ర మందు సీసా చేసింది.

నెల్లూరులో పొణకా కనకమ్మ పేరు తలవకుండా ఈ మాట పూర్తికాదు. 1921లో గాంధీ ప్రారంభించిన పల్లిపాడు ఆశ్రమానికి భూమి ఇచ్చినావిడ, కస్తూరిదేవి విద్యాలయం పెట్టినావిడ, ఉద్యమంలో జైలుకి పోయినావిడ. జమీన్ రైతు వారపత్రిక తొలినాళ్ల కథలో కూడా ఆమె పేరు వస్తుంది, జమీందార్ల మీద రైతుల గొంతుగా దాన్ని నిలబెట్టింది మాత్రం నెల్లూరు వెంకట్రామానాయుడు. కనకమ్మ చనిపోయింది 1963లో, కేథరిన్ కుర్చీ ఎక్కిన ఏడాదే. ఇద్దరూ ఆత్మకథ రాశారు. కేథరిన్‌ది 1997లో వచ్చింది, మరుసటి ఏడాది పులిట్జర్ కొట్టింది. కనకమ్మది అచ్చులోకి రావడానికి ఆమె పోయాక అర్ధ శతాబ్దం దగ్గర పట్టింది, 2011లో వచ్చింది. పేపర్ కంపెనీ చేతిలో ఉన్న మనిషికీ ఆస్తంతా ఉద్యమానికి ధారపోసిన మనిషికీ ఉన్న తేడా ఆ రెండు తేదీల్లో కనిపిస్తుంది.

పేపర్ శక్తి ఎట్టా పనిచేస్తుందో ఈ జిల్లా కళ్లారా చూసింది మాత్రం 1992లో. అక్షరదీపం కార్యక్రమంలో చదువు నేర్చుకుంటున్న ఆడవాళ్లు, కలిగిరి మండలం దూబగుంటలో సారా కొట్టు మూయించిన కథ పాఠంగా చదివి ఊరూరా లేచారు, సారా వేలంపాటలు జరక్కుండా అడ్డుపడ్డారు. ఈనాడు సారాపై సమరం పేరుతో రోజూ ప్రత్యేకంగా పేజీ ఇచ్చింది. ఒక ఊళ్లో కొట్టు మూశారన్న వార్త పొద్దున రచ్చబండ దగ్గర ఎవరో పైకి చదివితే సాయంత్రానికి పక్కూళ్లో కొట్టు మూసుకునేది. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం, 1997లో దాన్ని ఎత్తేయడం తర్వాతి కథ. ఇక్కడ కూడా ఓనర్ నిర్ణయం లేకుండా రోజూ పేజీ రాదు. ప్రభుత్వానికి సారా మీద వచ్చే ఆదాయాన్ని దెబ్బకొట్టే ఉద్యమానికి పేజీ ఇవ్వాలంటే సర్క్యులేషన్ బలం ఉండాలి, అది ఈనాడుకి అప్పటికే ఉంది, ఆ పేజీతో ఇంకా పెరిగింది కూడా. విమర్శకులు దీన్ని ఎత్తిచూపుతారు, అందులో రాజకీయ లెక్కలు కూడా ఉన్నాయంటారు. అయినా సారా కొట్టు మూతపడటం మాత్రం నిజంగానే జరిగింది.

ఆమె తర్వాత

1979లో కొడుకు డొనాల్డ్ పబ్లిషర్ అయ్యాడు, 1991లో సీఈవో పదవి కూడా ఇచ్చేశారు, 2001 జులైలో ఐడహోలో పడిపోయి తలకి దెబ్బ తగిలి కేథరిన్ చనిపోయారు. 2008లో మనవరాలు కేథరిన్ వేమౌత్ పబ్లిషర్‌గా వచ్చేటప్పటికి క్లాసిఫైడ్ యాడ్స్ ఇంటర్నెట్‌కి పోయాయి, పేపర్‌ని మోసేది కప్లాన్ ఫీజులే అయ్యాయి. 2013లో కుటుంబం పేపర్‌ని జెఫ్ బెజోస్‌కి 25 కోట్ల డాలర్లకి అమ్మేసింది, కంపెనీ మాత్రం గ్రాహం పేరుతో మిగిలింది.

రెండు రకాల షేర్ల గోడ అప్పటితో పోయింది, ఇప్పుడు ఓనర్ ఒక్కడే. డబ్బుకి లోటు లేదు, కానీ ఆయన మిగతా వ్యాపారాలకి ప్రభుత్వ కాంట్రాక్టులున్నాయి, అంటే 1972లో టీవీ లైసెన్సు ఉన్న చోటే ఇప్పుడు అంతకంటే పెద్ద పిడి ఉంది. 2024 అక్టోబర్‌లో ప్రెసిడెంట్ ఎన్నికలకి పేపర్ ఎవరినీ సమర్థించదని ఓనర్ నిర్ణయించాక రెండున్నర లక్షల మందికి పైగా డిజిటల్ చందాదారులు చందా ఆపేశారని వార్తలొచ్చాయి. అంతకుముందు ఏడాదే పేపర్ 7.7 కోట్ల డాలర్ల నష్టంలో ఉంది. చందా ఆపడం అనేది పాఠకుడి చేతిలో ఉన్న ఓటే, అయితే ఆ దెబ్బ ముందు తగిలేది ఓనర్‌కి కాదు, న్యూస్‌రూమ్‌లో జీతాలకి.

జిల్లా పేపర్ల దగ్గర ఆ ఓటు కూడా పలచబడింది. పొద్దున్నే మద్రాసు బస్టాండు దగ్గర కట్టలు విప్పే ఏజెంట్లని అడిగితే చెప్తారు, పేపర్ పీడీఎఫ్ తెల్లారకముందే వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటే చందా కట్టేవాళ్లలో ఎక్కువమంది పెద్దవయసువాళ్లే అని. పీడీఎఫ్‌లో కూడా చివరి పేజీ అడుగున ఆ చిన్న లైను ఉంటుంది, ఫోన్ స్క్రీన్ మీద అది వేళ్లతో పెద్దది చేసుకుంటే తప్ప కనపడదు.